మా పాత బడి మీద స్లాబు వేయకండి: భవనం పనులు చూస్తున్న అధికారులకు, ఇంజినీర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. మా ఊరి పాత బోర్డు స్కూలు తాళం తీసి, బాగుచేసి, మళ్ళీ జనం వాడుకునేలా చేసినందుకు ముందుగా కృతజ్ఞతలు. ఇది మర్యాదకి రాస్తున్న మాట కాదు. పిల్లలు కొత్త బిల్డింగుకి మారిపోయాక ఆ పాత బడి ఏళ్ళ తరబడి గబ్బిలాలకీ పేకాటకీ మిగిలింది, ఎప్పుడు కూలుస్తారా, ఎప్పుడు ఆ జాగాలో షాపులు లేస్తాయా అని కాచుక్కూర్చున్నవాళ్ళు ఊళ్ళో తక్కువేం లేరు. అలాంటిది ఒక పక్క లైబ్రరీ, ఒక పక్క సర్టిఫికెట్ల కౌంటర్లు, వెనక మీటింగు హాలు పెట్టారు. మంచి పని. నా గొడవ ఆ మరమ్మతు చేసిన తీరు మీద, ఇప్పుడు పాత కప్పు తీసేసి స్లాబు వేస్తామంటున్నదాని మీద. బాగుచేయడాన్ని నేను కాదనడం లేదని ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఈ ఆర్నెల్లలో నేను ఏం మాట్లాడినా "అభివృద్ధి వద్దంటున్నాడు" అనే అన్నారు.

ఊరి పేరు రాయడం లేదు, ఆఫీసు పేరూ రాయడం లేదు. రాస్తే ఇది ఫలానా ఆఫీసరు మీద కంప్లయింటు అయిపోతుంది, నాకు ఎవరి ట్రాన్స్‌ఫరూ అక్కర్లేదు. నెల్లూరు నుంచి పెన్న దాటి ఉత్తరంగా వస్తుంటే తూర్పున బకింగ్‌హాం కాలవ, పడమర హైవే, ఆ మధ్యలో మేము. తెలిసినవాళ్ళకి తెలుస్తుంది.

నేను ఆ బడికి ఎదురుగా జిరాక్స్ షాపు నడుపుతాను. మా తాత అక్షరాలు దిద్దింది, మా నాయన ఎస్సెల్సీ తప్పింది, నేను పదో తరగతి గట్టెక్కింది అన్నీ అక్కడే. నాకున్న అర్హతలు ఇవే. ఇంజినీరింగు చదవలేదు. కాకపోతే రోజుకి పన్నెండు గంటలు ఆ భవనం ముఖం చూస్తూ కూర్చుంటాను కాబట్టి దానికి ఏమవుతోందో మీకంటే ముందు నాకు కనపడుతుంది.

ఇదంతా ఊరందరి ముందు ఎందుకు పెడుతున్నానంటే, మూడు సార్లు సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చాను. మొదటిదానికి రశీదు ఇచ్చారు. రెండోదానికి "మీ అర్జీ పరిష్కరించబడినది" అని ఫోనుకి మెసేజి వచ్చింది, అది వచ్చిన మధ్యాహ్నమే మేస్త్రీలు దక్షిణం గోడకి సిమెంటు కొడుతుంటే షాపులోంచి చూశాను. మూడోదానికి అదీ లేదు. ఈ పనుల ఎస్టిమేటు కాపీ ఇమ్మని సమాచార హక్కు చట్టం కింద అడిగాను, ముప్పై రోజుల గడువు ఎప్పుడో దాటింది. తమాషా ఏందంటే అదే ఎస్టిమేటు మొన్న మూడు కాపీల జిరాక్సు కోసం నా షాపుకే వచ్చింది. కస్టమరు కాగితాలు చదవకూడదు, అది మా వృత్తిలో నీతి, ఒప్పుకుంటాను. కానీ పేజీ తిప్పి గ్లాసు మీద పెట్టేటప్పుడు "పాత టెర్రస్ తొలగించుట" అనే లైను కంట్లో పడితే కళ్ళు ఎలా మూసుకోను? ఆ రాత్రి కూర్చుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ముందు ఆ భవనం ఎలా కట్టారో రెండు మాటలు చెప్పాలి. అది తెలియకుండా మరమ్మతు చేశారు, ఇబ్బందంతా అక్కడే మొదలైంది.

మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో కట్టిన బోర్డు స్కూలు అది. 1959లో జిల్లా బోర్డులు పోయి జిల్లా పరిషత్తులు వచ్చాయి, బడి పేరూ మారింది, మా ఊళ్ళో మాత్రం ఇప్పటికీ బోర్డు స్కూలే. ఇది మా ఒక్క ఊరి సొమ్మూ కాదు. 1970లో కొత్త జిల్లా విడిపోకముందు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరు జిల్లావే, ఆ వైపు పాత బళ్ళు చూసినా ఇదే పోలిక కనపడుతుంది: ఎత్తైన అరుగు, ముందూ వెనకా వరండా, గుండ్రటి స్తంభాలు, మధ్యలో పొడుగు హాలు. మా బళ్ళో గోడలు రెండడుగుల మందం, ఇటుక, సున్నం. సిమెంటు బస్తా అన్నదే చూడని కట్టుబడి. హాలు ఎత్తు పదహారడుగులు. కిటికీలకి పైన, కప్పుకి కొంచెం కింద వెంటిలేటర్లు, ఒక్కోదానికి ఒక తాడు. ఆ తాళ్ళు గుంజే డ్యూటీ క్లాసులో వారానికొకడికి పడేది, నా వారం వస్తే నేను కలెక్టరంత ఫోజు కొట్టేవాణ్ణి. వేడి గాలి పైకి పోతుంది, అక్కడినుంచి బయటికి పోతుంది, కింద కిటికీల్లోంచి చల్లగాలి వస్తుంది. వరండాలు ఎండని గోడ దాకా రానివ్వవు. ఏప్రిల్‌లో ఒంటిపూట బడప్పుడు మేము వరుసగా నిలబడి స్తంభాలకి బుగ్గలు ఆనించేవాళ్ళం, కుండ తాకినట్టుండేది.

కప్పు మద్రాస్ టెర్రస్. టేకు దూలాల మీద అంగుళం మందం చిన్న ఇటుకల్ని నిలువంచున, ఏటవాలు వరసల్లో, ఒకదానికొకటి ఆనించి సున్నంతో అంటిస్తారు. ఆ పైన ఇటుక జల్లి, సున్నం కలిపి పోసి, ఆడాళ్ళు వరసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొడతారు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుతూ కొడతారు. చివర సన్న సున్నంతో పూత, ఒక పక్కకి వాలు. మా తాత ఈ పనిలోనే బతికాడు, గానుగ తోలేవాడు. గుండ్రటి కందకంలో రాతి చక్రం, దానికి ఎడ్లు, అందులో గుల్ల సున్నం, ఇసక. సముద్రం దగ్గరే కాబట్టి గుల్లలు కాల్చి సున్నం తీయడం మా వైపు మామూలే. "గానుగాడిన సున్నం ఏళ్ళు గడిచే కొద్దీ గట్టిపడుద్దిరా" అనేవాడు. తరవాత చదివితే తెలిసింది, ముసలాయన మాట సైన్సే. కాల్చినప్పుడు పోయిన బొగ్గుపులుసు వాయువుని సున్నం మళ్ళీ గాలిలోంచి మెల్లగా తీసుకుని రాయిగా మారుతుంది.

ఈ గోడలకి తడి తగలదని కాదు. నేలలోంచి ఎక్కుతుంది, వానలో జల్లు కొడుతుంది. సున్నం పూత ఉన్నంతకాలం ఎక్కిన తడి ఎక్కినట్టే బయటికి ఆరిపోతుంది. దాని మీద సిమెంటు కొట్టి, పుట్టీ పెట్టి, ప్లాస్టిక్ పెయింటు వేస్తే ఆరే దారి మూసుకుపోతుంది. మా వీధి చివర ఒక ముసలి మేస్త్రీ ఉన్నాడు, పని మానేసి చాలా ఏళ్ళైంది. పనులు మొదలైన వారంలోనే వచ్చి నా షాపు బెంచీ మీద కూర్చుని, "సిమెంటేస్తే నీళ్ళు యాడికి పోతయ్ నాయనా, లోపల్నే ఉండి గోడని తింటయ్" అన్నాడు. ఆయన్ని పిలిచి ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు.

నా కౌంటరు మీద కాగితాలు ఎగరకుండా రెండు పెచ్చులు పెట్టుకున్నాను. రెండూ ఆ భవనానివే. ఒకటి పాతది, పూత గీకేసినప్పుడు రోడ్డు మీద పడింది. గచ్చకాయ రంగు, అంచులో గుల్ల ముక్కలు ఇంకా తెల్లగా మెరుస్తాయి, గోరుతో గీరినా రాలదు. రెండోది ఈ ఏడాది కొట్టిన సిమెంటు, దానంతట అదే ఊడి పడింది. పైన పెయింటు లేత పసుపు, అందంగానే ఉంది. తిప్పి చూస్తే లోపలి వైపు పత్తిలాగా తెల్లటి పొడి. నాలిక మీద పెట్టుకుని చూశాను, ఉప్పు. చౌడు. అర్జీ ఇచ్చేటప్పుడు ఈ రెండూ కవర్లో పెట్టి తీసుకుపోయాను, కౌంటరులో ఉన్న అబ్బాయి "రాళ్ళు లోపలికి తీసుకురాకూడదు సార్" అన్నాడు. పాపం, అతని తప్పేం లేదు, రాళ్ళే కదా.

ఇక దీనివల్ల జనానికి ఏమవుతోందో వరసగా రాస్తాను.

1. లైబ్రరీ గోడలు. ఉత్తరం గోడ నేల నుంచి నాలుగడుగుల దాకా చౌడెక్కింది. బీరువాలు ఆ గోడకే ఆనించి పెట్టారు. కింది అరల్లో పుస్తకాలు ఒకదానికొకటి అంటుకుపోయి, విడదీస్తే అట్ట ఒకరి చేతిలో, కాగితాలు ఇంకొకరి చేతిలో. వెనకాల చెద. డీఎస్సీకి, గ్రూప్స్‌కి చదివే పిల్లలు నలభై మంది దాకా వస్తారు, కోచింగుకి నెల్లూరు పోయి రూము అద్దె కట్టలేనివాళ్ళే అందరూ. ఆడపిల్లలైతే ఇంట్లో పని తప్పించుకుని చదువుకునే చోటు ఇదొక్కటే. ఇద్దరికి ఆయాసం ఉంది, బూజు వాసనకి గంట కూడా కూర్చోలేక వెళ్ళిపోతున్నారు. లైబ్రరీ ఎవరి దానధర్మమూ కాదు. మేము కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నే. పాత ప్రకాశం జిల్లా వేటపాలెంలో సారస్వత నికేతనం అనే లైబ్రరీ 1918 నుంచి పాత పత్రికలు దాచుకుంటూ వస్తుంటే మనం నిరుడు కొన్న పుస్తకాన్ని కాపాడుకోలేకపోతున్నాం.

2. ఫాల్స్ సీలింగు. పదహారడుగుల హాలుని తొమ్మిదడుగులకి దించేశారు. వెంటిలేటర్లు దాని పైనే ఉండిపోయాయి, తాళ్ళు కోసేశారు. వెలుతురు పోయింది కాబట్టి పట్టపగలు లైట్లు, గాలి పోయింది కాబట్టి ఏసీలు. ఏసీలు ఆన్ చేసేది మీటింగులప్పుడే అనుకోండి, కరెంటు బిల్లుకి బడ్జెట్ లేదట. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఈ మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నం ఆ హాల్లోంచి పిల్లలు పుస్తకాలు పట్టుకుని బయటికొచ్చి వేపచెట్టు కింద కూర్చున్నారు. ఏ కరెంటూ లేని రోజుల్లో అరవై మంది పిల్లలం అదే హాల్లో కూర్చుని చదివాం. ఇంకో సంగతి, ఇది భయపెట్టడానికి రాయడం లేదు: దూలాల చివరలు గోడలో ఎక్కడ కూర్చుంటాయో అక్కడే తడి చేరేది. అవి పుచ్చుతున్నాయా లేదా అని చూడాలంటే ఇప్పుడు కనపడవు, సీలింగు అడ్డం.

3. ర్యాంపు. ఇది నేనే టేపు పెట్టి కొలిచాను. అరుగు ఎత్తు మూడడుగులు. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు ఉండాలన్నది మీ నిబంధనే, అంటే 36 అడుగులు. కట్టింది తొమ్మిది. అంటే ర్యాంపు కాదు, జారుడుబల్ల. దాని మీద నున్నటి టైల్స్. పట్టుకోడానికి పైపు లేదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. ఫోటోకి మాత్రం ర్యాంపు ఉంది. మొన్న వేలిముద్ర కోసం ఒక పెద్దామెని మూడు చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ఆమె కొడుకు, నేను, ఇంకో కుర్రోడు కుర్చీ వెనక్కి తిప్పి ఎత్తి లాగాం. ఆమె కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటూనే ఉంది. పైకి చేరాక "దిగేటప్పుడు వద్దు నాయనా, నన్ను దోక్కుంటానే పోనీయండి" అంది. పెద్దామె నేల మీద దేక్కుంటూ దిగుతానంటోందంటే ఆ కట్టడం ఎవరి కోసమో చెప్పండి.

4. నేల. హాలు నేల కడప బండలు, వందేళ్ళ కాళ్ళకి అరిగి నల్లగా నిగనిగలాడేవి. పగిలినవి నాలుగైతే నాలుగు మార్చాల్సింది. మొత్తం మీద టైల్స్ పరిచారు. వానాకాలం తడి కాళ్ళతో వచ్చినవాళ్ళు జారుతున్నారు. ఇంతకంటే రాయడానికేం లేదు.

5. వరండా. ముందు వరండాలో సగాన్ని అల్యూమినియం, అద్దాలు పెట్టి ఆఫీసరు గది చేశారు. ఆ వరండా ఉన్నదే జనం నిలబడడానికి. ఇప్పుడు కౌంటరు లైను మెట్లు దిగి ఎండలోకి, ఎండ ఎక్కువైతే రోడ్డు దాటి నా షాపు పట్టా కిందికి వస్తోంది. నాకు గిరాకీ, నిజమే, ఎండలో ఎదురుచూసేవాళ్ళు ఏదో ఒకటి జిరాక్స్ తీయించుకుంటారు. అయినా వద్దు. చంకలో బిడ్డతో కుల ధ్రువీకరణ పత్రం కోసం గంటన్నర నిలబడ్డ అమ్మాయిని చూసి సంపాదించుకునే రెండ్రూపాయలు నాకెందుకు.

6. గుమ్మం పైన పలక. కట్టిన ఏడాది, కట్టించిన బోర్డు వివరం చెక్కిన రాతి పలక మీద మెరిసే కొత్త బోర్డు బిగించారు, దానికి రాతిలోనే నాలుగు బెజ్జాలు కొట్టి. ఇది ఎవరి ప్రాణం మీదికీ రాదు, ఒప్పుకుంటాను. నాకు మాత్రం అన్నిటికంటే ఇదే ఎక్కువ మండింది.

7. ఇప్పుడు రాబోయేది. రెండో విడతలో మద్రాస్ టెర్రస్ మొత్తం పగలగొట్టి ఆర్‌సీసీ స్లాబు, అంటే ఇనప ఊచలు పెట్టి పోసే సిమెంటు కప్పు, వేస్తారట, పైన రికార్డు రూము కడతారట. గోడల పైన ఎర్ర పెయింటుతో గుర్తులు కూడా పెట్టేశారు. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

ఆ భవనానికి పిల్లర్లు లేవు, బీములు లేవు. బరువంతా గోడలే మోస్తున్నాయి. బ్రేకర్ మిషన్ పెట్టి కప్పు పగలగొడితే ఆ అదురు సున్నం గోడల్లోకే దిగుతుంది. అడుగున చౌడెక్కి నానిన గోడలు అవి, అదీ ఈ ఏడాదే మనమే నానబెట్టినవి. వాటి పైభాగం చెక్కి స్లాబు కూర్చోబెట్టి, దాని మీద ఇంకో అంతస్తు, అందులో ఇనప బీరువాల నిండా కాగితాలు. గోడ ఎంత మోస్తుందో లెక్క కట్టించారా? కట్టిస్తే ఆ కాగితం చూపించండి, నేను నోరు మూసుకుంటాను. పైగా మాది ఉప్పుగాలి. ముప్పై ఏళ్ళు నిండని స్లాబుల్లో ఊచలు తుప్పు పట్టి ఉబ్బి, పెచ్చులు పళ్ళేల మీద పడుతున్న ఇళ్ళు మా ఊళ్ళో వీధికి రెండు చూపిస్తాను. వందేళ్ళు నిలబడ్డ కప్పుని తీసి అలాంటిది పెట్టడం ఏం లెక్క?

1989 నవంబరులో కావలి దగ్గర తుఫాను తీరం దాటిన రాత్రి నేను ఆ బళ్ళో ఉన్నాను. నేనే కాదు, మా వీధి వీధంతా. పెంకుటిళ్ళ పెంకులు ఆకుల్లాగా లేచిపోతుంటే అమ్మ మమ్మల్ని దుప్పట్లో చుట్టి అక్కడికి తీసుకుపోయింది. కిటికీ రెక్కలు తాళ్ళతో కట్టేసి పెద్దవాళ్ళు వంతులేసుకుని పట్టుకున్నారు. తలుపు సందుల్లోంచి నీళ్ళొచ్చాయి గానీ కప్పులోంచి చుక్క పడలేదు. ఎవరో మేకల్ని కూడా తెచ్చారు, పొద్దున చూస్తే హెడ్మాస్టరు కుర్చీలో ఒక మేకపిల్ల. ఆ కప్పుని ఇప్పుడు "శిథిలావస్థ" అని రాశారు. కారుతున్నది రెండే చోట్ల. ఆ రెండూ నీళ్ళ ట్యాంకు పెట్టడానికి, డిష్ బిగించడానికి బెజ్జాలు వేసిన చోట్లు. పాత నీటి తూములు మూసేసి సన్న ప్లాస్టిక్ పైపులు పెట్టారు, ఆకులు అడ్డం పడితే పైన చెరువే. అది కప్పు జబ్బు కాదు.

మీరు చెప్పే జవాబులు నాకు తెలుసు, నోటి మాటగా అన్నీ విన్నాను కాబట్టి.

"సున్నం పని చేసేవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు" అంటారు. చెన్నైలో ఉన్నారు, మనకి మూడు గంటల ప్రయాణం. చేపాక్‌లో ఆర్కాటు నవాబుల కాలపు కలస్ మహల్ 2012 జనవరిలో తగలబడిపోయింది, కప్పు కూలింది. కూలగొట్టి కొత్తది కడదామని వదిలేయలేదు. తమిళనాడు ప్రజా పనుల శాఖ, అంటే మీలాంటి సర్కారు ఇంజినీర్లే, దాన్ని పాత పద్ధతిలోనే నిలబెట్టారు. ఇప్పుడు అందులో జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ మండల బెంచి నడుస్తోంది. కోర్టు నడిచే చోట మన సర్టిఫికెట్ల కౌంటరు నడవదా? కేంద్ర ప్రజా పనుల శాఖ పాత భవనాల సంరక్షణ మీద 2013లోనే హ్యాండ్‌బుక్ వేసింది, ఇది మీకు నేను చెప్పాల్సిన సంగతి కాదు.

"ఇది పురావస్తు శాఖ జాబితాలో లేదు కదా" అంటారు. లేదు. రక్షిత కట్టడం కాదు కాబట్టి పగలగొట్టినా కేసు పడకపోవచ్చు. నేను చట్టం పేరు చెప్పి బెదిరించడం లేదు. వాడుకలో ఉన్న భవనాన్ని మన డబ్బుతో మనమే పాడుచేసుకోవద్దు అంటున్నాను, దానికి జాబితాతో పనేముంది.

"టైం పడుతుంది" అంటారు. పడుతుంది. సున్నం ఆరాలి, పూత మీద పూతకి రోజులు ఆగాలి. మార్చి 31 లోపు బిల్లు పెట్టుకోవాలనుకునేవాళ్ళకి సున్నం కలిసిరాదు, అది నిజం.

మాలోనూ తప్పుంది, అది రాయకపోతే బాగుండదు. ఏసీలు పెట్టమని, గ్రానైట్ వేయమని మా పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులోనే అడిగారు, మొదటి ఫోటోలు వచ్చినప్పుడు దణ్ణాల బొమ్మలు పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇంకోటి, నా షాపు ముందు నేను పోయించుకున్న సిమెంటు వాలు వల్ల రోడ్డు మీది వాననీళ్ళు నేరుగా బడి ప్రహరీ కిందికి పోతున్నాయి. ముసలి మేస్త్రీ చెప్పేదాకా గమనించలేదు. ఈ ఆదివారం దాన్ని పగలగొట్టించి సైడు కాలవలోకి తిప్పుతున్నాను, నా ఖర్చుతోనే.

మేము అడుగుతున్నవి ఇవి.

1. రెండో విడత పని వెంటనే ఆపండి. మద్రాస్ టెర్రస్ మీద ఒక్క సమ్మెట దెబ్బ కూడా పడకముందే, పాత కట్టడాల పని తెలిసిన ఇంజినీరు చేత కప్పు, దూలాలు, గోడలు పరీక్ష చేయించి ఆ రిపోర్టు బయటపెట్టండి.

2. మాకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అంతకు ముందే పైన ట్యాంకు, డిష్ తీయించి, ఆ రెండు చోట్లా సున్నంతోనే పూడ్పించి, పాత తూములు తెరిపించండి. ఇది పెద్ద ఖర్చు కాదు, ఒక వారం పని.

3. గోడలకి కొట్టిన సిమెంటు, పుట్టీ, పెయింటు తీయించండి. ఒకేసారి కాకపోతే ముందు లైబ్రరీ ఉత్తరం గోడతో మొదలుపెట్టండి. గోడ ఆరనిచ్చి సున్నం పూత వేయించండి. అప్పటిదాకా బీరువాలు గోడకి అడుగున్నర ఎడంగా జరిపించండి, దానికి ఎస్టిమేటు కూడా అక్కర్లేదు, నలుగురు మనుషులు చాలు, మేమే వస్తాం.

4. ఫాల్స్ సీలింగు విప్పించండి, వెంటిలేటర్లకి తాళ్ళు కట్టించండి.

5. ర్యాంపు పడగొట్టి, పక్క గోడ వెంబడి 36 అడుగులు, మధ్యలో ఆగే చోటు, రెండు వైపులా పట్టుకునే పైపులతో కట్టించండి. జాగా ఉంది, సైకిలు స్టాండు జరిపితే సరిపోతుంది. జారే టైల్స్ వద్దు.

6. వరండా జనానికి వదిలేయండి. ఆఫీసరు గారి గదికి వెనక హాలు పక్కన గది ఖాళీగానే ఉంది, ప్రస్తుతం అందులో పాత ఫ్లెక్సీలు ఉన్నాయి.

7. ఎస్టిమేటు, డ్రాయింగులు, ఇప్పటిదాకా పెట్టిన ఖర్చు నోటీసు బోర్డు మీద అంటించండి. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను ప్రకారం ఇలాంటివి అడగకుండానే బయటపెట్టాలి. నేనైతే అడిగాను కూడా.

8. రాతి పలక మీద బోర్డు తీసి పక్కన పెట్టండి. పక్కన చోటు బోలెడుంది.

ఈ ఎనిమిదిలో ఏది కుదరదన్నా కారణం కాగితం మీద రాసివ్వండి, కూర్చుని మాట్లాడుకుందాం. ఫోనుకి "పరిష్కరించబడినది" అని మాత్రం పంపొద్దు.

ఈ ఉత్తరం కాపీలు లైబ్రరీలో చదువుకునే పిల్లలు ఇంటింటికీ తీసుకుపోయి సంతకాలు పెట్టిస్తున్నారు, వచ్చే సోమవారం కలెక్టరేట్‌కి అవి కూడా తెస్తాం. జిరాక్సు ఖర్చు నాదే. ఈలోగా మీలో ఎవరైనా వచ్చి చూడాలనుకుంటే షాపు పొద్దున తొమ్మిదింటికి తెరుస్తాను. పొడుగు నిచ్చెన ఒకటి తెచ్చిపెట్టాను, సీలింగు పలక ఒకటి జరిపితే దూలం చివర కనపడుతుంది. టార్చి, టేపు కూడా ఉన్నాయి. ముసలి మేస్త్రీకి కబురు చేస్తే పది నిమిషాల్లో వస్తాడు, నిచ్చెన ఎక్కలేడు గానీ కింద నిలబడి మీకు ఏం చూడాలో చెప్తాడు.

ఇట్లు,
బోర్డు స్కూలు పూర్వ విద్యార్థి, ఎదురుగా జిరాక్స్ షాపు